లైమ్ స్ట్రీట్: కప్పు విశాలం, దారి ఇరుకు

లండన్ నుంచి లివర్‌పూల్ వెళ్లే రైలు ఎడ్జ్ హిల్ దగ్గరికి రాగానే నెమ్మదిస్తుంది. అక్కడి నుంచి ఆఖరి స్టేషన్‌కి సుమారు రెండు కిలోమీటర్లే. కిటికీలకు రెండు పక్కలా గోడలు లేస్తాయి. ఎర్రటి ఇసుకరాయి, మధ్యమధ్య ఇటుకలతో వేసిన అతుకులు, రాతి సందుల్లోంచి వేలాడే ఫెర్న్ మొక్కలు, వాటి కింద ఎప్పుడూ ఆరని చెమ్మ. తలపైన రోడ్డు వంతెనలు ఒకదాని వెంట ఒకటి వస్తూ పోతూ వెలుతురుని కోస్తుంటాయి. ఊరొచ్చిందని అందరూ బ్యాగులు దించుకుని తలుపు దగ్గర నిలబడతారు గానీ ఊరు మాత్రం ఎక్కడా కనబడదు. ఉన్నట్టుండి గోడలు అయిపోతాయి. పైన ఇనుప కమానులు, గాజు. అదే లైమ్ స్ట్రీట్.

ఫొటోలన్నీ ఆ కప్పుకే. తీయాల్సిందే కూడా. 1867లో కట్టిన ఆ కమాను మధ్యలో స్తంభం అన్నది లేకుండా 200 అడుగులు సాగుతుంది. అప్పటికి ప్రపంచంలో అంత వెడల్పు కప్పు ఇంకెక్కడా లేదు. ఏడాది తిరక్కుండానే లండన్ సెయింట్ పాంక్రాస్ ఆ రికార్డు లాగేసుకుంది, అది వేరే సంగతి. ముందువైపు ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ 1871లో కట్టిన కోటలాంటి హోటల్ భవనం, రోడ్డు దాటితే సెయింట్ జార్జ్ హాల్. ప్రయాణికులు తిరిగే హాల్లో ఇద్దరు స్థానికుల కంచు విగ్రహాలున్నాయి. ఒకరు హాస్యనటుడు కెన్ డాడ్, చేతిలో ఆయన మార్కు ఈకల కుచ్చు. ఇంకొకరు కార్మికుల తరఫున గట్టిగా మాట్లాడిన ఎంపీ బెస్సీ బ్రాడక్, చేతిలో కోడిగుడ్డు. ఇద్దరూ అనుకోకుండా స్టేషన్‌లో ఎదురుపడినట్టు నిలబెట్టారు. ఇంగ్లండ్ స్టేషన్లలో ఇంత చనువుగా కనిపించే విగ్రహాలు తక్కువ.

అయినా ఈ స్టేషన్ అసలు కథ కప్పులో కాదు, ఆ రెండు కిలోమీటర్ల రాతి గాడిలో ఉందని నేనంటాను.

లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం 1830 సెప్టెంబర్ 15న మొదలైంది. దాన్ని వేయించిన వ్యాపారుల కళ్లన్నీ పత్తి మీదే. ఓడల్లో దిగిన పత్తిని మాంచెస్టర్ మిల్లులకు చేర్చే కాలువల వాళ్లు ఇష్టం వచ్చినట్టు రేట్లు వేస్తున్నారన్నది వాళ్ల కోపం. కాబట్టి ఊరి కింద నుంచి రేవు దాకా వాపింగ్ సొరంగం తవ్వి సరుకుకు దారి ముందే చూశారు. మనుషుల్ని మాత్రం గుట్ట మీద క్రౌన్ స్ట్రీట్‌లో దింపేవారు. అక్కడి నుంచి ఊళ్లోకి రావాలంటే మళ్లీ గుర్రపు బండే. మూటకు దక్కిన మర్యాద మనిషికి దక్కడానికి ఆరేళ్లు పట్టింది.

1832లో ఊరి మధ్యకు రెండో సొరంగం మొదలుపెట్టారు. 1836 ఆగస్టులో లైమ్ స్ట్రీట్ తెరిచారు. గుట్ట మీద నుంచి దిగుడు గట్టిగానే ఉంది: ప్రతి 93 అడుగులకు ఒక అడుగు. కాగితం మీద చిన్నగానే కనిపిస్తుంది, ఆనాటి ఇంజన్లకు మాత్రం పెద్ద గండమే. పైగా ఊరి కింద పొగ నింపడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకని ఊళ్లోకి వచ్చేటప్పుడు ఇంజన్ విప్పేసి, పెట్టెల్ని వాలులో వాటంతటవే దొర్లనిచ్చి, బ్రేకులు పట్టే మనుషులతో అదుపు చేసేవారు. తిరిగి ఎక్కేటప్పుడు ఎడ్జ్ హిల్‌లో కదలకుండా బిగించిన ఆవిరి యంత్రం తాడుతో పైకి లాగేది. బావిలోంచి చేద తోడినట్టు ఒక మహానగరంలోంచి రైళ్లను తోడుకున్నారన్న మాట, అదీ 1870 దాకా. ఇదంతా కింద నడుస్తుంటే పైన ఊరి కార్పొరేషన్ ఏం చేసిందో తెలుసా? స్టేషన్ ముఖద్వారం ఘనంగా ఉండాలని 2,000 పౌండ్లు చందా ఇచ్చింది. లోపలికి తాడు, బయటికి తోరణం. 1880ల్లో సొరంగం పైకప్పు చాలావరకు తీసేసి, నాలుగు లైన్లు పట్టేలా వెడల్పు చేశారు. ఇప్పుడు మనం చూసే గాడి అదే.

ఆ తాడు కష్టం పడ్డందుకు ఫలితం లేకపోలేదు. 1830 నుంచి వందేళ్లలో సుమారు 90 లక్షల మంది లివర్‌పూల్‌లో ఓడెక్కి అమెరికా, కెనడా వంటి దేశాలకు వలసపోయారు. ఓడ పక్కనే దింపడానికి 1895లో రివర్‌సైడ్ స్టేషన్ కట్టారు. రేవుల వెంట ఎత్తు స్తంభాల మీద ఓవర్‌హెడ్ రైల్వే ఉండేది. ఎక్స్‌చేంజ్, సెంట్రల్ అని ఇంకో రెండు పెద్ద స్టేషన్లుండేవి. తర్వాత ఓడలు తగ్గాయి, విమానాలొచ్చాయి, కంటైనర్లొచ్చాయి. 1931లో ఎనిమిదిన్నర లక్షలున్న జనాభా 2001 నాటికి 4.4 లక్షలకు పడిపోయింది. ఓవర్‌హెడ్ 1956లో ఆగింది, రివర్‌సైడ్ 1971లో, సెంట్రల్ పైస్టేషన్ 1972లో, ఎక్స్‌చేంజ్ 1977లో మూతబడ్డాయి. మిగిలిన పెద్ద టెర్మినస్ లైమ్ స్ట్రీట్ ఒక్కటే. రేవును నమ్ముకున్నవి రేవుతోపాటే పోయాయి. రేవుకు దూరంగా, బజారు మధ్యలో దిగింది గనుక ఇది బతికింది.

కానీ ఉన్నది ఒకటే దారి. 2017 ఫిబ్రవరి 28న ఆ గాడి అంచున గోడ కూలి, దాదాపు 200 టన్నుల రాళ్లు, మట్టి పట్టాల మీద పడ్డాయి. నాలుగు లైన్లూ మూతపడ్డాయి. స్టేషన్‌కు గీత కూడా పడలేదు, కప్పు గాజులు మెరుస్తూనే ఉన్నాయి, రైళ్లే లేవు. వారం రోజుల పైన అదే పరిస్థితి. భూమి కింద తిరిగే స్థానిక మెర్సీరైల్‌కి వేరే దారి ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. పైన పటారం లోన లొటారం అంటాం. ఇక్కడ లొటారం లోన లేదు, దారిలో ఉంది.

ఈ సంగతి రైల్వే వాళ్లకు తెలియక కాదు. 2017–18లో 14 కోట్ల పౌండ్లు పెట్టి రెండు కొత్త ప్లాట్‌ఫారాలు వేశారు, పట్టాలు, సిగ్నళ్లు మార్చారు. ఇందుకోసం 2018 వేసవిలో ఎనిమిది వారాలు రైళ్లను చాలావరకు ఆపేశారు. లండన్ బళ్లను ఊరి శివారులోని సౌత్ పార్క్‌వే స్టేషన్‌లోనే తిప్పి పంపారు. జనం విసుక్కున్నారు. నా దృష్టిలో ఈ స్టేషన్‌లో ఈ మధ్య జరిగిన మంచి పని అదే, 2010లో ముందున్న పాత దుకాణాలు కొట్టేసి చేసిన గాజు ముస్తాబు కంటే కూడా. కొత్త ప్లాట్‌ఫారం ఎవరి ఫొటోలోనూ పడదు. బండి ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగకపోతే ఎందుకు ఆగలేదని ఎవరూ అడగరు.

ఔటర్ బాధ విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లు ఇప్పటికీ వాల్తేరు అనే ఆ స్టేషన్‌లోకి హౌరా–చెన్నై బండి వచ్చిందంటే, ఇంజన్ ఈ కొస నుంచి ఆ కొసకు మార్చుకుని వెనక్కి బయలుదేరాల్సిందే. అంత సమయం ఎందుకని కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి పోతుంటాయి. లివర్‌పూల్‌లో ఆ వెసులుబాటు కూడా లేదు, ఊరు దాటి పోవడానికి అవతల మెర్సీ నది. స్టేషన్ల కొత్త డిజైన్లు విడుదలైనప్పుడల్లా నేను బొమ్మలో ముఖద్వారం చూడను. లోపలికి ఎన్ని లైన్లు వస్తున్నాయో చూస్తాను. ఆ వివరం చాలాసార్లు బొమ్మలో ఉండదు.

2023 అక్టోబర్‌లో బర్మింగ్‌హామ్ నుంచి ఉత్తరానికి రావాల్సిన హైస్పీడ్ లైను రద్దయింది. లివర్‌పూల్ బళ్లు పాత వెస్ట్ కోస్ట్ పట్టాల మీద సరుకు బళ్లతో కలిసే పరిగెత్తాలి. లివర్‌పూల్–మాంచెస్టర్ మధ్య కొత్త లైను వేయాలన్న మాట మాత్రం నడుస్తోంది. వేగం ఎంత, ఖర్చు ఎంత అన్న దాని మీదే వాదనలన్నీ. నేనైతే ముందు అడిగేది ఒకటే: గుట్ట మీద నుంచి ఊళ్లోకి ఎటు దిగుతుంది? 1832లో వాళ్లూ అక్కడే మొదలుపెట్టారు. వాళ్లు తవ్విన సొరంగంలో చిన్న ముక్క ఎడ్జ్ హిల్ దగ్గర కూలగొట్టకుండా మిగిలింది. లైమ్ స్ట్రీట్‌కి వచ్చే రైళ్లు ఇప్పటికీ దానిలోంచే దూరుతున్నాయి.