ధైవతం పాడే కప్పకు కచేరీ ఎక్కడ?

మన చెన్నైలోని పళ్ళికరణై చుట్టూ కట్టడాల గొడవ పేపర్లలో చూస్తూనే ఉన్నాం. 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైనదన్న గుర్తింపు, వచ్చిన చిత్తడి నేల అది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి, నా గోడు పాట గురించి. ఇలాంటి నేల మీద పాట కడితే అది బృందగానమే కావాలి.

ఎందుకంటే ఆ నేలే ఒక బృందగానం. వాన వెలిసిన రాత్రి ఏ చెరువు గట్టునైనా నిలబడి వినండి. కప్పలది ఒక స్థాయి, కీచురాళ్ళది ఇంకా పైస్థాయి, మధ్యలో నీటికోళ్ళ కేకలు. ఒకరి గొంతు మీద ఒకరు పడకుండా ఎవరి జాగాలో వాళ్ళు పాడుకుంటారని బెర్నీ క్రౌస్ అనే శబ్ద పరిశోధకుడు చెప్పాడు. ఒక జాతి పోతే దాని జాగా ఖాళీ. ఆ ఖాళీని ఎంత గొప్ప గాయకుడైనా ఒక్కడే వినిపించలేడు. నలభై మంది పాడుతుండగా ఒక వరస ఆగిపోతే మాత్రం చివరి కుర్చీలో ఉన్నవాడికీ తెలుస్తుంది.

ఎవరి స్వరం వాళ్ళదన్న ఈ మాట మన సంగీత శాస్త్రంలోనూ ఉంది. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరం సప్తస్వరాలను ఏడు ప్రాణులకు పంచింది. నెమలి షడ్జం, కోయిల పంచమం, కప్ప ధైవతం! ఉగాదికి కోయిలను పిలుస్తాం, కప్పను ఎవరు పిలిచారు?

పాడితే బుల్డోజర్ ఆగుతుందా అంటారు. ఒక్క పాటకు ఆగదు, నిజమే. కానీ 1987లో ఎస్టోనియా జనం ఫాస్ఫరైట్ (ఎరువులకు వాడే ఖనిజం) గనుల మీద తిరగబడ్డప్పుడు పాట కూడా వాళ్ళతో నడిచింది, గనులు ఆగాయి. మరుసటి ఏడాది లక్షల మంది కలిసి పాడుతూ సోవియట్ పాలన నుంచి స్వేచ్ఛనే అడిగారు.

మనకేం తక్కువ? చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ 1970ల మొదట్లో ఈ ఊళ్ళోనే మద్రాస్ యూత్ కోయిర్ పెట్టి, కుర్రకారుతో రకరకాల భారతీయ భాషల్లో పాడించారు. మన తెలుగు సంఘాలేమో ఇంకా సోలో సినిమా పాటల పోటీల దగ్గరే ఉన్నాయి. అలాంటి ఒక పోటీకి జడ్జిగా వెళ్ళాను. పిల్లలు బాగా పాడారు, ఇద్దరు కలిసి పాడింది మాత్రం లేదు. గూడబాతు అంటే ఏంటని అడిగాను. పెలికాన్ తెలుసు, గూడబాతు ఎవరికీ తెలియదు. పక్షి ఇంకా ఉంది, పేరు ముందే పోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసారి ప్రైజుల డబ్బుతో ఒక పాట టీచర్‌ను పెట్టండి. గూడబాతు, నీటికాకి, కొంగ, కప్ప, ఈ పేర్లతోనే పల్లవి కట్టించండి. ఒక్కో పేరు ఒక్కో వరసకు ఇవ్వండి. కప్ప వరసకు బొంగురు గొంతు పిల్లలను తీసుకోండి. పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపేది వాళ్ళనే.