80 హోమ్ రన్లు కొట్టినోడు మేజర్ లీగ్ గడప ఎందుకు తొక్కలేదు?

ఎడీ ఫర్నిస్ పేరు మనలో ఎంతమందికి తెలుసో గానీ, లూసియానా స్టేట్ యూనివర్సిటీ బేస్‌బాల్ పిచ్చోళ్ల దగ్గర ఆ పేరు ఎత్తితే ఇక ఆగరు. 1995 నుంచి 1998 దాకా నాలుగేళ్లలో 80 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలు), 96లో 97లో వరసగా రెండు నేషనల్ టైటిల్స్, 98లో కాలేజీ బేస్‌బాల్‌లో ఆ ఏటి బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే డిక్ హౌజర్ ట్రోఫీ. అంతటోణ్ని అదే ఏడు డ్రాఫ్ట్‌లో (అమెరికా టాప్ లీగ్ అయిన మేజర్ లీగ్ టీమ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్ తీసుకుంది, అదీ నాలుగో రౌండ్‌లో. దాని కింద ఉండే మైనర్ లీగ్స్‌లో కొన్ని సీజన్లు ఆడి, మేజర్ లీగ్‌కి చేరకుండానే ఆట మానేసి మెడిసిన్ చదివి డాక్టర్ అయిపోయాడు.

ఇంట్లో పులి వీధిలో పిల్లి అనేయడం ఈజీ. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది, సగం సంగతి బ్యాట్‌లోనే ఉంది.

కాలేజీలో ఆడేది అల్యూమినియం బ్యాట్‌తో. ఒంటి మీదికి దూసుకొచ్చిన బంతి హ్యాండిల్‌కి దగ్గర్లో తగిలినా టింగుమని మోగి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ నెత్తి మీదుగా వెళ్లి పడుతుంది. మైనర్ లీగ్‌లో చెక్క బ్యాట్, అదే బంతి అదే చోట తగిలితే బ్యాట్ విరుగుద్ది, చేతులు జివ్వుమంటాయి, బంతేమో దాన్ని విసిరిన పిచర్ కాళ్ల దగ్గర దొర్లుతూ ఉంటది. 98 కాలేజీ ఫైనల్ స్కోరు 21-14, అంత పెద్దది బేస్‌బాల్ స్కోరా అసలు? ఆ తర్వాతే బ్యాట్ల రూల్స్ బిగించారు.

పైగా ఫీల్డింగ్‌లో ఫర్నిస్ ఆడేది ఫస్ట్ బేస్ దగ్గర, అక్కడ నిలబడేవాడికి బ్యాటింగే అన్నం పెట్టాలి, అది కాస్త తగ్గినా ఆ ప్లేస్‌కి ఇంకో పదిమంది రెడీగా ఉంటారు. రోజూ మ్యాచ్, రాత్రంతా బస్సు, అప్పట్లో సీజన్ నెలలకి మాత్రమే వచ్చే చిన్న జీతం. చేతిలో డిగ్రీ ఉన్నోడు ఎన్నాళ్లని చూస్తాడు?

ఫర్నిస్ పక్కన వారెన్ మోరిస్‌ని పెట్టి పోల్చి చూడండి. అదే కాలేజీ టీమ్, సెకండ్ బేస్. 96 సీజన్ మొత్తంలో అతను కొట్టింది ఒక్కటంటే ఒక్క హోమ్ రన్, కాకపోతే అది ఫైనల్ ఆఖరి ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల తర్వాత (మూడోది పడితే మ్యాచ్ పోయినట్టే) టైటిల్ తెచ్చిపెట్టింది. ఆ ఏడు డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్. 1999లో మేజర్ లీగ్‌లో దిగి మొదటి సీజన్‌లోనే 15 హోమ్ రన్లు కొట్టాడు, అదీ పైరేట్స్‌కే.