సవరణ: ట్విస్ట్ రేట్‌కి చూడాల్సింది బుల్లెట్ పొడవు

మొన్నటి పోస్టులో ఎం16ఏ2 రైఫిల్ బ్యారెల్‌కి 1:7 ట్విస్ట్, అంటే లోపలి గాడులు బుల్లెట్‌ని 7 అంగుళాలకి ఒక చుట్టు తిప్పేలా, 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాము) బుల్లెట్ బరువు కోసమే పెట్టారని రాశాను. అది తప్పు, నేనే సరిగ్గా చూసుకోలేదు. అమెరికా సైన్యం పాత డిజైన్ వివరాలు చదివితే తెలిసింది, ఆ 62 గ్రెయిన్ల ఎం855 బుల్లెట్‌కి 1:9 కూడా సరిపోతుంది, 1:7 పెట్టింది దాని జోడీ ట్రేసర్ (వెలుగుతూ వెళ్ళి దారి చూపించే బుల్లెట్) ఎం856 కోసం. ట్రేసర్ బరువు కూడా దాదాపు 64 గ్రెయిన్లే, కానీ వెనక భాగంలో సీసం బదులు మండే మందు నింపుతారు, అది తేలిక కాబట్టి అంతే బరువుకి బుల్లెట్ బాగా పొడవైపోతుంది, పొడవు పెరిగితే నిలకడగా వెళ్ళడానికి స్పిన్ ఎక్కువ కావాలి. గణితవేత్త గ్రీన్‌హిల్ ట్విస్ట్ కోసం 1879లో ఇచ్చిన లెక్కలో కూడా ఉండేది బుల్లెట్ వ్యాసం, పొడవే.

సీసం బుల్లెట్లయితే బరువు చూసి ఎంచుకున్నా చాలావరకు నడిచిపోతుంది. పూర్తి రాగి బుల్లెట్ కొనేవాళ్ళు మాత్రం బాక్స్ మీది గ్రెయిన్లు నమ్ముకోకండి, అదే బరువుకి అది పొడుగ్గా ఉంటుంది. కాగితం టార్గెట్ మీద చిల్లు గుండ్రంగా కాకుండా కోలగా పడుతోందంటే బుల్లెట్ అడ్డం తిరిగి తగులుతున్నట్టు, ముందు ట్విస్ట్ చాలట్లేదేమో చూడండి.