పదహారేళ్ళ లైసెన్సు ఉంది, దానికి బండే లేదు

ఇంటర్ పిల్లల చేతికి స్కూటీ తాళాలు ఇచ్చే తల్లిదండ్రులంటే నాకు కోపం. అందులో సగం కోపం ప్రభుత్వం మీద కూడా ఉంది.

పద్దెనిమిది నిండితేనే లైసెన్సు అని అందరం అనుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో పదహారేళ్ళకే ఒకటి ఉంది. అమ్మో నాన్నో ఒప్పుకుని సంతకం పెడితే గేర్లు లేని, 50 సీసీ దాటని బండికి ఇస్తారు. బాగుంది. మరి ఆ బండి ఏ షోరూమ్‌లో ఉంది? లూనా మోపెడ్ల రోజుల్లో ఆ నిబంధనకి అర్థం ఉండేది. ఇప్పుడు పాల క్యాన్లు కట్టుకుని తిరిగే టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ కూడా వంద సీసీ. స్కూటర్లు 110, 125. చట్టంలో అంకె మాత్రం కదల్లేదు.

ఇంకో వింత. 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదు, నంబర్ ప్లేటూ అక్కర్లేదు. అంటే పదహారేళ్ళ పిల్లకి ఉన్నవి రెండే దారులు: ఏ పరీక్షా లేకుండా రోడ్డెక్కడం, లేదా పద్దెనిమిది దాకా ఆగడం. మధ్యలో నేర్చుకునే మెట్టు ఒక్కటీ లేదు.

ఆగేది ఎవరు? ఏ జూనియర్ కాలేజీ పక్క సందులోకైనా వెళ్ళి చూడండి. లోపలికి బండ్లు రానివ్వం అని కాలేజీవాళ్ళు చేతులు దులుపుకుంటారు, పిల్లలు కిరాణా కొట్టు ముందు వరసగా పెట్టి నడిచి వెళ్తారు. అందరికీ తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకి బస్సు ఉచితమే, సంతోషం. పొద్దున్నే క్లాసు టైముకి మా కాలనీ వైపు బస్సు కూడా వస్తే ఇంకా సంతోషం.

మా అమ్మాయికి పదహారు. ఇంకా బండి ఇవ్వలేదని చుట్టాల్లో నాకు పిరికిదాన్నని పేరు. మా మరిది అయితే, "ఆడపిల్లల్ని పోలీసులు ఆపరులే వదినా, ఆపితే నాకు ఫోన్ చెయ్యమను" అంటాడు. ఎదురుగా లారీ వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో మాత్రం చెప్పడు. మన ఇళ్ళల్లో లైసెన్సంటే పోలీసుకి చూపించే కార్డు, అంతే. నడపడం వచ్చా రాదా అనేది వేరే సంగతి!

2019 సవరణ తర్వాత మైనరు నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లకి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది చెబితే మా మరిది నవ్వుతాడు. 2024 మే నెలలో పుణెలో పదిహేడేళ్ళ అబ్బాయి పోర్షే కారుతో ఇద్దరి ప్రాణాలు తీస్తే, మొదట 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారు. దేశమంతా గోల చేశాక కదా కేసు కదిలింది. ఇక నవ్వరా మరి.

సరే, పద్దెనిమిది వచ్చింది, లెర్నర్ లైసెన్సు, అదే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నారు, నెల ఆగి స్లాట్ బుక్ చేసుకున్నారు. టెస్టులో ఏం చూస్తారు? కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకెలా బండి తిప్పితే చాలు. అప్పటికే రెండేళ్ళుగా దొంగచాటుగా నడిపేవాడికి అదెంత పని! వానలో బ్రేకు ఎలా వెయ్యాలి, ఆగిన బస్సు పక్క నుంచి ఎలా వెళ్ళాలి, సిగ్నల్ లేని చోట కుడివైపు ఎలా తిరగాలి, ఇవేవీ ఆ ట్రాక్ మీద ఉండవు.

పదహారేళ్ళ లైసెన్సుకి ప్రాణం పొయ్యండి. 50 సీసీ మాట తీసేసి, నెమ్మదిగా వెళ్ళే ఎలక్ట్రిక్ స్కూటర్లకి వర్తింపచెయ్యండి. నంబర్ ప్లేటు, హెల్మెట్ తప్పనిసరి చెయ్యండి, వెనక ఎవరినీ ఎక్కించుకోనివ్వకండి, టెస్టు మామూలు రోడ్డు మీద పెట్టండి. అలాంటిది వస్తే ఒప్పుకోలు సంతకం పెట్టడానికి నేను మొదటి రోజే లైన్లో ఉంటాను. అప్పటిదాకా మా అమ్మాయి షేర్ ఆటోలోనే వెళ్తుంది. ఎవరేమన్నా సరే.