కొండకు అవగాహన

మొన్న ఒడిశాలోని రాయగడలో కొండ రైతులకు పర్యావరణంపై అవగాహన కల్పించారు. అదీ కోటా బియ్యంలాంటిదే, పైనుంచి కిందికే దిగుతుంది. గేటు దగ్గరి పనస చెట్టుకు నాలుగు మేకులు దిగ్గొట్టి ఫ్లెక్సీ కట్టారు: "వృక్షో రక్షతి రక్షితః". మేకుల పక్కనుంచి పాలు కారుతున్నాయి. చెట్టుకు గుండె కరిగిందనుకుని లోపలికి వెళ్లాను.

కొండమీద చెట్లు నరికి, కాల్చి చేసే పోడు సేద్యం వల్ల కొండలు బోడి అవుతున్నాయని వక్తగారు గంటసేపు బాధపడ్డారు. ప్రసంగం ఒడియాలో, తెరమీద రాతలు ఇంగ్లీషులో. వింటున్నవాళ్లది కుయి భాష, నాది తెలుగు. ఇందరికి ఒకేసారి అర్థం కాకపోవడం మాటలా? తర్వాత "జీవవైవిధ్యం" మొదలైంది. పదిహేడుసార్ల వరకు లెక్కపెట్టాను. ఒకే నేల చెక్కలో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లే ముసలమ్మకు మిశ్రమ పంటల గొప్పతనం చెబుతున్నారు. పక్కనున్న కొరాపుట్ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వమని గుర్తించింది. ఆ వారసత్వం ఈ ముసలమ్మలదేనని ఆయనకు ఎవరు అవగాహన కల్పిస్తారు? చివర్లో మనిషికి ఐదేసి మొక్కలు పంచారు. అన్నీ నీలగిరి మొక్కలే. వైవిధ్యం సంపూర్ణం.

పోడులో తప్పే లేదని నేననను. నేలను బీడు వదిలే ఏళ్లు తగ్గితే మట్టి గెడ్డలోకి, అంటే వాగులోకి పోతుంది. ఎందుకు తగ్గాయి? జలాశయానికి కొంత, గనికి కొంత, టేకు తోటకు కొంత లాగేసుకుని, మిగిలిన చెక్కను పదేళ్లు ఖాళీగా ఉంచమంటే ఆ పదేళ్లూ ఏం తినాలి, ఫ్లెక్సీనా?

బాక్సైట్ కోసం నియమగిరి కొండను తవ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు అక్కడివాళ్లనే అడగమంటే, పన్నెండు ఊళ్ల సభలు జరిగాయి. తవ్వకం వద్దని పన్నెండూ తేల్చిచెప్పాయి. ఆ కొండ ఇవాళ నిలిచి ఉందంటే సదస్సుల వల్ల కాదు. అలాంటివాళ్లు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగితే, 2005 డిసెంబరు 13 నాటికే సాగులో ఉన్నట్టు రుజువు తెమ్మంటారు! తాతముత్తాతలు పేర్చిన రాతి గట్లు అక్కడే ఉన్నాయి. కొండెక్కి చూడటానికి మాత్రం ఒక్కరికీ తీరిక లేదు. సిగ్గుండాలి.

సభ ముగిశాక ముసలమ్మ కుర్చీల కింద వంగి ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకుంటోంది. నేనూ రెండు తీసి ఇచ్చాను. విత్తనాలు పోసి మూత బిగిస్తే పురుగు పట్టదట. నీలగిరి మొక్కలు కుర్చీ మీదే వదిలేసి వెళ్లింది.