ఏం ఎర పెట్టినావన్నా?

పోయిన ఆదివారం కర్నూలు జిల్లా గాజులదిన్నె ప్రాజెక్టులో నా గాలానికి 11 కిలోల బొచ్చె చేప (కట్లా) పడింది. ఫోటో పెట్టాను, తప్పు నాదే. అప్పటినుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం ఎర పెట్టినావన్నా?" ఇంతమందిలో ఒక్కరు కూడా ఆ చేప వయసెంత అని అడగలేదు.

నేను చూశాను. పొలుసు ఒకటి పీకి, కడిగి, ఎండకు అడ్డం పెట్టాను. పది రూపాయల బిళ్ల కంటే పెద్దది. చెట్టు మొద్దులో ఉన్నట్టు లోపల వలయాలుంటాయి. అయిదు లెక్కపెట్టాను, ఆరోది ఉందో లేదో నా కంటికి ఆనలేదు. అంటే అది వేలెడంత పిల్లగా నీళ్లలో పడ్డప్పటినుంచి అయిదేళ్ల పైమాటే. అన్నేళ్లూ దానికి నీళ్లున్నాయి, ఏ వలకూ చిక్కలేదు. 11 కిలోలు అలా వచ్చాయి గానీ, నా ఎర ముద్ద వల్ల కాదు.

మన సీమలో ఒక చెరువులో అయిదేళ్లు వరసగా నీళ్లు నిలవడమంటే మాటలా? అనంతపురంలో ఏడాదికి సగటు వానే 550 మిల్లీమీటర్లు. మా మేనమామ వాళ్లది ఆ పక్క ఊరే. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చెరువు ఎండుతుంటే ఊరంతా తట్టలు పట్టుకుని బురదలో దిగేవాళ్లం. కొరమీను పైగాలి పీల్చి బురదలో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. బొచ్చెకు ఆ విద్య రాదు. వీపు బయటపడి, నోరు తెరిచి మూస్తూ, చూస్తుండగానే అయిపోయేది. అక్కడ రెండు కిలోలు దాటిన బొచ్చెను నేను చూడలేదు. ఒక్క ఏడాది నీళ్లకు అంతకంటే ఏం పెరుగుతుంది పాపం? హంద్రీ-నీవా కాలువతో కృష్ణ నీళ్లు అందిన చెరువుల దగ్గర ఇప్పుడు అయిదు కిలోలు, ఆరు కిలోలు అనే మాట వింటున్నాను. ఎర మారిందా, నీళ్లు మారాయా?

నీళ్లున్న చోట ఇంకో దరిద్రం. శ్రీశైలం బ్యాక్ వాటర్‌లో అలివి వలలు. నిషేధం ఉంది, వలలూ ఉన్నాయి. వల కన్ను దోమతెర కంటే కాస్త పెద్దది, అంతే. ఒకసారి గట్టు మీద పట్టా పరిచి ఎండబెట్టిన చేపల్లోంచి గుప్పెడు తీసి చూశాను. ఒక్కోటి నా చిటికెన వేలంత లేదు. పదేళ్ల తర్వాత మనం ఫోటో దిగాల్సిన బొచ్చెలు, రాగండ్లు నా గుప్పిట్లో ఎండుచేపలై ఉన్నాయి. దాని మీద ఎవడూ రీల్ చేయడు.

ఇక "పట్టి వదిలేద్దాం" అనే కొత్త బ్యాచ్. మంచి మాటే, కానీ ఎక్కడ వదులుతున్నారో చూసుకోండి. బొచ్చె నిలవ నీళ్లలో గుడ్లు పెట్టదు, దానికి వానాకాలపు ఏటి వరద కావాలి. చెరువుల్లో పిల్లల్ని తెచ్చి వదలాల్సి వచ్చేది అందుకే. కృష్ణ, తుంగభద్ర నీళ్లలో, కొత్తనీళ్లు వచ్చే రోజుల్లో పొట్ట నిండా గుడ్లున్న పెద్ద చేప పడితే దండం పెట్టి వదిలేయండి. కిలో బరువుకు లక్ష గుడ్ల పైనే ఉంటాయి దాంట్లో. చైత్రానికి ఎండిపోయే చెరువులో పడితే మాత్రం హాయిగా తినండి, మొహమాటం దేనికి? పావుగంట ఎండలో గట్టు మీద పొర్లించి, చంకలో పెట్టుకుని నాలుగు ఫోటోలు దిగి, "వదిలేస్తున్నాం ఫ్రెండ్స్" అనే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కెమెరా ఆపినాక అది వెల్లకిలా తేలేది ఎవరు చూశారు?

ఎర మీద నేను కూడా డబ్బు తగలేసినవాణ్ణే. పోయినేడు ఒక అంగట్లో "స్పెషల్" పొడి 450 రూపాయలకు కొన్నాను. డబ్బా తీస్తే ఐస్‌క్రీమ్ బండి వాసన. రెండు రోజులు కూర్చుంటే పడినవన్నీ అరచేయంత జిలేబీ చేపలు (తిలాపియా).

ఆదివారం చేప పడిన తీరు చెప్పనా? బెండు మునగలేదు. మెల్లగా లేచి, నీళ్ల మీద పక్కకు పడుకుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది కదా, కింద నుంచి వచ్చి ముద్దను పీల్చుకుంది. తర్వాత ముప్పావు గంట నా చేతులు నావి కావు. రీలు పిడి తిప్పీ తిప్పీ బొటనవేలు బొబ్బలెక్కింది. చివర్లో పుట్టిలో ఉన్న పెద్దాయన వచ్చి వల గంప కింద పెట్టకపోతే దారం తెగేదే. ఆయన చేపను చూసి అన్న మాట ఒక్కటే: "దీన్ని మూడేండ్ల నుంచి చూస్తాండా సామీ."

సగం ఆయనకే ఇచ్చాను. తలకాయ మా అత్త పులుసు పెట్టింది. ఎర అంటారా, తవుడు, శనగచెక్క, ఇంత బెల్లం.