కోర్టు లేచేదాకా

మేజిస్ట్రేటు కోర్టులో 27 ఏళ్ళుగా బెంచి క్లర్కుగా ఉన్న పెద్దమనిషి సిగరెట్టు మానాలనుకుంటే ఏం చేస్తాడు? అందరిలాగా పెట్టె నలిపి కాలవలో పారేయడు. ముందు లీగల్ సైజు కాగితం తీసి ఎడమవైపు మార్జిన్ మడుస్తాడు.

విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో, ఒక ఆదివారం రాత్రి జరిగింది అదే. రోజుకి 12 సిగరెట్ల అలవాటు. కాగితం మీద ఐదు సెక్షన్లు. మొదటి సిగరెట్టుకి 500 రూపాయల జరిమానా. రెండోదానికి వారం రోజులు కాఫీ బంద్. మూడోదానికి నెల రోజులు సెల్‌ఫోను జప్తు. నాలుగోదానికి వేసవిలో పది రోజులు అత్తవారిల్లు, అదీ కఠినం. ఐదోదాని గురించి ఏమీ తోచక ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైనది’ అని రాసి వదిలేశాడు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షకి పెట్టిన కొలత అది. సిగరెట్టుకి కూడా పనికొస్తుందని ఆ ధర్మాసనం అనుకుని ఉండదు.

న్యాయమూర్తి భార్య. ప్రాసిక్యూషను కూతురు, లా మూడో ఏడు చదువుతూ సెలవులకి వచ్చింది. దర్యాప్తు సంస్థ అతని అమ్మ ముక్కు. ముద్దాయి తానే, శాసనసభా తానే. తప్పు చేయబోయేవాడు తన శిక్ష తానే రాసుకుంటే తక్కువ రాసుకుంటాడని అందరూ అనుకుంటారు. కాదు. మానాలన్న ఆవేశం ఆదివారం రాత్రి మహా గట్టిగా ఉంటుంది. బలమైన శిక్షలన్నీ ఆ పూటే పడతాయి.

అసలు లోపం అక్కడే ఉంది. 2003 పొగాకు చట్టం నాలుగో సెక్షను ప్రకారం బహిరంగ స్థలంలో పొగ తాగకూడదు. తాగితే 21వ సెక్షను కింద జరిమానా 200 రూపాయలు దాటదు. సర్కారు 200తో సరిపెట్టుకున్న పనికి సంసారం 500 వేసింది. పోనీ సర్కారు తూకమన్నా సరిగ్గా ఉందా అంటే, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో తాగి వీధిలో అల్లరి చేసినవాడికి 24 గంటల దాకా జైలో, 1000 రూపాయల దాకా జరిమానానో, లేదంటే సమాజ సేవో. అదే ఈ-సిగరెట్లు అమ్మినవాడికి 2019 చట్టం మొదటిసారికే ఏడాది జైలు, లక్ష జరిమానా దాకా పోతుంది. మామూలు సిగరెట్లు అమ్మేవాడు మాత్రం కోర్టు గేటు ఎదురుగానే బడ్డీ పెట్టుకుని వకీళ్ళకి అరువిస్తాడు.

సోమవారం ఉదయం మందుల షాపు. నికొటిన్ గమ్ రెండు రకాలు. 2 మిల్లీగ్రాములది డాక్టరు చీటీ లేకుండా ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావాలి. ఏది కావాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: పొద్దున్న లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్టు? అరగంట లోపలైతే 4. మన బెంచి క్లర్కుకి కాళ్ళు నేలకి ఆనకముందే. అయినా చీటీ కోసం ఎవరు తిరుగుతారని 2 కొన్నాడు. మోతాదు చాలని గమ్ముతో మొదలుపెట్టినవాడు మూడోరోజుకి గమ్మునే తిడతాడు.

అట్ట మీద రాసింది చదవకపోవడం రెండో తప్పు. దాన్ని గమ్ అని పిలవడమే తప్పేమో. అది నమిలేది కాదు, దాచేది. నెమ్మదిగా కొరికితే కాసేపటికి మిరియం ఘాటు తగులుతుంది. తగలగానే ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టి ఊరుకోవాలి. ఘాటు తగ్గితే మళ్ళీ రెండు కొరుకులు, మళ్ళీ బుగ్గన. ఇలా అరగంట. నికొటిన్ ఎక్కేది బుగ్గ లోపలి పొర నుంచి. మేక ఆకు నమిలినట్టు నమిలితే అంతా లాలాజలంలో కలిసి గొంతులోకి పోతుంది. కడుపులో మంట, పైన ఎక్కిళ్ళు. దానికి ముందు పావుగంట కాఫీ కూడా తాగకూడదు. కాఫీ పులుపు నోట్లో ఉంటే మందు ఎక్కదు.

మంగళవారం పదిన్నరకి కాఫీ తాగి, గమ్ రెండు ఒకేసారి వేసుకుని కాల్‌వర్క్‌లో కూర్చున్నాడు. ఇక్కడి పద్ధతి తెలియనివారికి ఒక మాట. బెంచి క్లర్కు నంబరూ ముద్దాయి పేరూ చదువుతాడు, గుమ్మం దగ్గర అటెండరు అదే పేరు మూడుసార్లు గట్టిగా పిలుస్తాడు. ‘సీసీ 212 ఆఫ్ 2023’ దాకా బాగానే వచ్చింది. పేరు సగంలో ఎక్కిలి. అటెండరుకి పాతికేళ్ళ శిక్షణ ఒకటే, వినిపించింది వినిపించినట్టు పిలవడం. ఎక్కిలితో సహా మూడుసార్లు పిలిచాడు. వేపచెట్టు కింద కూర్చున్న ముద్దాయి ఆ పేరు తనది కాదనుకుని బీడీ ముట్టించుకున్నాడు. ముద్దాయి గైర్హాజరు, ఎన్‌బీడబ్ల్యూ, అంటే బెయిలు లేని అరెస్టు వారంటు, అని డాకెట్లో పడబోతుండగా అతని వకీలు పరిగెత్తుకొచ్చాడు గనక సరిపోయింది. గమ్ ఎలా నమలాలో ఒకరికి తెలియనందుకు మరొకరు అరెస్టయ్యేవారు.

ఇక ఇంట్లో న్యాయపాలన. సోమవారం సాయంత్రమే బడ్డీ దగ్గర ఒకటి కాల్చి, తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు. ‘పాపం, మొదటిరోజేగా’ అని ఆవిడ మందలించి వదిలేసింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం మూడో సెక్షనులో అచ్చంగా ఈ వెసులుబాటే ఉంది. బుధవారం మాత్రం కాల్చలేదు. కాల్చకుండా ఉండటంలో అదే కష్టమైన రోజు. నికొటిన్ లేని చిరాకు రెండో మూడో రోజుకి కొండెక్కి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో దిగుతుంది. ఆ చిరాకు పళ్ళ బిగువున ఓర్చుకుని షేర్ ఆటోలో ఇంటికొస్తే, పక్కన కూర్చున్నవాడి బీడీ వాసన చొక్కాకి పట్టింది. అమ్మ ముక్కు నివేదిక, ఆవిడ తీర్పు, 500 వసూలు, అన్నీ చెప్పులు విప్పేలోపు అయిపోయాయి. కాల్చినరోజు విడుదల, కాల్చనిరోజు శిక్ష. ఈ రెండు తీర్పులూ కలిపి చదివిన ఏ ముద్దాయైనా నేర్చుకునేది ఒకటే. ఇది లాటరీ, టికెట్టు కొన్నా కొనకపోయినా.

మధ్యలో కాఫీ గొడవ ఒకటి. సిగరెట్టు పొగ కాలేయంలో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తుంది, కాఫీలోని కెఫీన్‌ను అరగదీసేది అదే. పొగ ఆగితే ఆ ఎంజైమూ చల్లబడుతుంది. అవే నాలుగు గ్లాసుల కాఫీ ఇప్పుడు ఒంట్లో దాదాపు రెట్టింపు కెఫీన్‌గా నిలుస్తుంది. బుధవారం రాత్రి రెండున్నరకి గుండె దడదడలాడుతూ ఇల్లంతా తిరుగుతుంటే, దొంగచాటుగా కాల్చడానికే లేచాడని నిఘా పెట్టారు. సెక్షన్లన్నిటిలో పనికొచ్చే శిక్ష కాఫీ బంద్ ఒక్కటే, అది మాత్రం ఎవరూ వేయలేదు. నాలుగు గ్లాసులు రెండు చేసుకుంటే చాలు, నిద్ర పడుతుంది. పొద్దుటి పని సంగతీ ఇంతే. ముట్టిస్తేనే కదిలే పేగు మానిన వారంలో సమ్మె కడుతుంది. రాత్రి గ్లాసుడు నీళ్ళలో రెండు చెంచాల ఇసబ్‌గోల్ చాలు. ఇది ముందే తెలియక స్నానాలగది తలుపు దగ్గరే ఓడిపోయినవాళ్ళు చాలామంది.

శుక్రవారం మధ్యాహ్నం కోర్టు వెనక వరండాలో ఒక జూనియరు వకీలు పెట్టె చాచాడు. తలపు వచ్చినప్పుడు మూడు నుంచి ఐదు నిమిషాలు ఓర్చుకుంటే అది దానంతటదే దాటిపోతుంది. ఆ ఐదు నిమిషాలూ నీళ్ళు తాగాలి, లేదా చోటు మారాలి. మనవాడు రెండూ చేయలేదు. పెట్టె మీద 1800-11-2356 అని మానిపించే ఉచిత ఫోన్ నంబరు ఉంది. దాన్ని చదువుతూనే ముట్టించాడు. సరిగ్గా అప్పుడే తనిఖీ. బహిరంగ స్థలాల జాబితాలో ‘కోర్టు భవనాలు’ అని చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది గనక వాదించడానికేమీ లేదు. 200 రూపాయలు, ఒక రసీదు.

సాయంత్రం ఏడింటికి ఇంట్లో పొగ వాసన గుప్పుమంది. ఆవిడ వంటింట్లోంచి అడిగింది ఇంతే: “ఏవండీ, ఈ వాసన ఎక్కణ్ణుంచండీ?”

బెంచి క్లర్కు లేచి నిలబడ్డాడు. “రాజ్యాంగం ఆర్టికల్ 20, క్లాజు 3. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. నా నోరు వాసన చూడటానికి వీల్లేదు.”

“కాఠీ కాలూ ఓఘడ్ కేసు, నాన్నా, 1961,” అంది కూతురు. “వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం సాక్ష్యం చెప్పినట్టు కాదని 11 మంది జడ్జీలు చెప్పారు. ఊదడమూ అంతే.”

“సరే, సెక్షన్ 95. ఎవరూ పట్టించుకోనంత స్వల్పమైన హాని నేరమే కాదు.”

“అది పాత ఐపీసీలో. ఇప్పుడు న్యాయ సంహితలో 33.”

“నంబరు ఏదైతేనేం! బుధవారం నా దగ్గర అన్యాయంగా 500 తీసుకున్నారు. అది దీనికి చెల్లు వేసుకోండి. రిమాండు రోజులు తగ్గించే 428 లేదూ?”

“అదీ మారింది, ఇప్పుడు 468, నాన్నా. అది జైల్లో ఉన్న రోజులకి. జరిమానాకి కాదు.”

“అయితే ఇదిగో!” జేబులోంచి రసీదు తీసి బల్ల మీద కొట్టాడు. “ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదు. ఆర్టికల్ 20, క్లాజు 2. నేను సర్కారుకి కట్టేశాను!”

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పెరటి గుమ్మం దగ్గర్నుంచి దగ్గు వినిపించింది. అమ్మ. నోట్లో చుట్ట.

వాసన ఆ చుట్టది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి కథ విన్నాం గాని, గుమ్మడికాయ కొన్నట్టు రసీదు కూడా చూపించినవాడు ఇతనే.

ఆవిడ 500 అంది. రెండుసార్లు శిక్ష అన్న వాదన నిలవలేదు, క్రిమినల్ కేసు నడిచినంతమాత్రాన శాఖాపరమైన చర్యకి అడ్డులేదని కూతురు తేల్చేసింది. కానీ ఆ పిల్లే మరో సంగతి బయటపెట్టింది. బుధవారం నాటి 500తో మిక్సీ జారు వచ్చింది. జరిమానా ఎక్కువైనకొద్దీ జడ్జిగారి వంటిల్లు బాగుపడుతుంటే ఆ తీర్పుని ఎవరు నమ్ముతారు? బుధవారం సొమ్ము వాపసు. ఇకపై జరిమానా డబ్బు గమ్‌కీ, డాక్టరు చీటీకీ మాత్రమే.

ఆ రాత్రి కాగితం మార్చి రాశారు. ఇటలీలో బెకారియా అనే ఆయన 1764లోనే అన్నాడు, నేరాన్ని ఆపేది శిక్ష క్రూరత్వం కాదు, అది తప్పదన్న సంగతి, వెంటనే పడుతుందన్న సంగతి అని. 500 ఉన్నచోట 20 పెట్టారు, ఒక సిగరెట్టుకి 20, ఏ రోజుది ఆ రోజే, ముఖం చూసి వదిలేయడం లేదు, ఒక్క వాసనే సాక్ష్యంగా చాలదు. తానే చెప్పుకుంటే సగం. దానితోపాటు పెట్టీ కేసుల్లో ఆయన రోజూ రాసే శిక్షే ఒకటి: కోర్టు లేచేదాకా. కోర్టులోనైతే ముద్దాయి సాయంత్రం జడ్జిగారు లేచేదాకా హాల్లో కూర్చుని వెళ్ళిపోతాడు. ఇంట్లోనైతే ఆవిడ సీరియల్ ముందు నుంచి లేచేదాకా, ఫోను లేకుండా, వీధరుగు మీద.

అమ్మ సంగతేమిటి, చట్టం ముందు అందరూ సమానం కాదా అని ముద్దాయి అడిగాడు. దానికి అమ్మే జవాబిచ్చింది. “నానేటి అందరి ముకాన ఊదుతన్నానేట్రా? అడ్డపొగ. నిప్పు నోట్లోనే ఉంది. నీకేటి తగిలింది?” వాదన బాగుంది, వైద్యం బాగోలేదు. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకునే ఈ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళలోనే ఎక్కువ. పైఅంగిలి కాలి కాలి తెల్లమచ్చలు పడతాయి, క్యాన్సరు దిగేదీ అక్కడే. పళ్ళ డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్ళాలని తీర్మానమైంది. కొడుక్కి 4 మిల్లీగ్రాముల చీటీ కూడా ఆ రోజే.

శిక్ష అమలు వెంటనే మొదలైంది. ఆ రాత్రి సీరియల్ మహా ఎపిసోడట, రెండు గంటలు. అరుగు మీద ముద్దాయి బుగ్గన గమ్ పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

“ఎందాకా రా?”

“కోర్టు లేచేదాకా.”

“ఆ బిళ్ళ నాకూ ఒకటీ.”

ఇస్తూ చెప్పాడు, “నమలకమ్మా. ఘాటు తగలగానే బుగ్గన పెట్టి ఊరుకోవాలి. అరగంట.”

అమ్మ ఆ బిళ్ళ అటూ ఇటూ తిప్పి చూసింది. “నిప్పునే బుగ్గన పెట్టిందాన్నిరా. నాకు నేర్పుతన్నావేటి?”